తాళం వేసి గొళ్లెం మరవొద్దు: చిన్న సంస్థను సైబర్ దాడుల నుంచి కాపాడుకోవడం ఎలా?

"ఏ యాంటీవైరస్ కొంటే మంచిది?" సైబర్ దాడుల మాట వచ్చినప్పుడల్లా చిన్న సంస్థలు నడిపేవాళ్లు నన్ను మొదట అడిగేది ఇదే. నిజానికి ఇది ఐదోదో ఆరోదో కావాల్సిన ప్రశ్న. దెబ్బతిన్న ఆఫీసుల్లో చాలాచోట్ల యాంటీవైరస్ ఉండే ఉంటుంది. ఈమెయిల్‌కు రెండో తాళం (పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో రుజువు) ఉండదు. బ్యాకప్ ఉన్నా పనిచేయదు. డబ్బు పంపేముందు ఒక ఫోన్ చేసి కనుక్కునే అలవాటు ఉండదు.

ఐదుగురి నుంచి యాభై మంది వరకు పనిచేస్తూ, ప్రత్యేకంగా ఐటీ విభాగం లేని చోటును మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఒక సంగతి ముందే ఒప్పుకుందాం: మీ దగ్గర పనిచేసేవాళ్లలో ఎవరో ఒకరు, ఏదో ఒకరోజు, నొక్కకూడని లింక్ నొక్కుతారు. అది మీరే కావచ్చు. ఆ ఒక్క పొరపాటుకు వ్యాపారం మొత్తం మూతపడకుండా చూసుకోవడానికే కింది పనులన్నీ.

వరుస మార్చకండి. మొదటి మూడూ పూర్తయ్యేవరకు, వాటికి అవసరమైనవి తప్ప కొత్తగా ఏ సాఫ్ట్‌వేరూ కొనొద్దు.

## 1. ముందు లెక్క రాసుకోండి

ఒక పూట కేటాయించండి. సంస్థ వాడే ప్రతి పరికరం, ప్రతి ఆన్‌లైన్ అకౌంట్ ఒక షీట్‌లో రాయండి. ఒక్కోదానికి నాలుగు గడులు చాలు: అది దేనికి, అడ్మిన్ ఎవరు, పాస్‌వర్డ్ మర్చిపోతే రీసెట్ లింక్ ఏ మెయిల్‌కు లేదా ఏ ఫోన్‌కు వెళ్తుంది, అది మూడు రోజులు పనిచేయకపోతే ఏం ఆగిపోతుంది.

మూడో గడి నింపేటప్పుడే అసలు బండారం బయటపడుతుంది. వెబ్‌సైట్ డొమైన్ (దాని ఇంటర్నెట్ పేరు) కొన్న అకౌంట్, రెండేళ్ల కిందట మానేసిన ఉద్యోగి సొంత మెయిల్ మీద ఉంటుంది. సోషల్ మీడియా పేజీకి అడ్మిన్ ఎవరో ఎవరికీ గుర్తుండదు. డొమైన్ చేజారితే ఒక్క వెబ్‌సైట్‌తో పోదు. ఆ డొమైన్ పేరుతో వచ్చే మెయిళ్లన్నీ అవతలివాళ్లు తమ దగ్గరికి మళ్లించుకోగలరు.

చాలామంది రాయడం మరిచిపోయేవి:

☐ డొమైన్ రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన సంస్థ) అకౌంట్
☐ వైఫై రూటర్, దాని అడ్మిన్ పాస్‌వర్డ్
☐ సీసీ కెమెరాల రికార్డర్, నెట్‌వర్క్ ప్రింటర్
☐ ఆఫీసు మెయిల్ తెరిచే సొంత ఫోన్లు
☐ బీరువాలో పడున్న పాత ల్యాప్‌టాప్
☐ బయటి టెక్నీషియన్ కోసం ఎప్పుడో తెరిచి మూయని లాగిన్

ఈ లిస్ట్‌లో పాస్‌వర్డ్‌లు రాయొద్దు. పూర్తయ్యాక ఒక ప్రతి ప్రింట్ తీసి భద్రంగా పెట్టండి. కంప్యూటర్లన్నీ లాక్ అయిపోయిన రోజున ఆ కాగితం ఒక్కటే తెరుచుకుంటుంది.

## 2. ఈమెయిల్‌కు, అడ్మిన్ అకౌంట్లకు రెండో తాళం

మిగతా అకౌంట్లన్నింటి రీసెట్ లింకులూ మెయిల్‌కే వస్తాయి. అందుకే ఇన్‌బాక్స్ దొరికినవాడికి దాదాపు అన్నీ దొరికినట్టే. టూ-స్టెప్ వెరిఫికేషన్ ముందు అక్కడే పెట్టాలి.

ఈ వరుసలో వెళ్లండి: ఈమెయిల్ అడ్మిన్, అందరి ఈమెయిళ్లు, బ్యాంక్, డొమైన్, బ్యాకప్ అకౌంట్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, వీపీఎన్ (బయటినుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే భద్రమైన దారి), ఆ తర్వాత సోషల్ మీడియా.

రెండో తాళాల్లోనూ తేడాలున్నాయి. ఎస్సెమ్మెస్‌లో వచ్చే కోడ్ ఏమీ లేనిదానికంటే నయం. కానీ మీ నంబరుకు ఇంకొకరు డూప్లికేట్ సిమ్ తీసుకుంటే ఆ కోడ్ వాళ్లకే వెళ్తుంది. ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే అథెంటికేటర్ యాప్ దానికంటే మేలు. అయితే నకిలీ లాగిన్ పేజీలో ఆ కోడ్ మీరే టైప్ చేస్తే అదీ పోతుంది. పాస్‌కీ (పాస్‌వర్డ్‌కు బదులు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండే డిజిటల్ తాళంచెవి), లేదా యూఎస్‌బీ సెక్యూరిటీ కీ అసలైన సైట్ అడ్రస్‌కే స్పందిస్తుంది. నకిలీ పేజీ ఎంత అచ్చుగుద్దినట్టున్నా దాన్ని మోసం చేయలేదు. కనీసం అడ్మిన్‌కు, డబ్బు పంపే మనిషికి ఇవి పెట్టండి.

పెట్టేటప్పుడే రికవరీ కోడ్‌లు ప్రింట్ తీసి దాచండి. ఫోన్ పోయిన రోజు వాటి కోసం వెతుకుతూ పడే టెన్షన్ మామూలుగా ఉండదు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఒకటి, ఎక్కడో ఒక పాత అకౌంట్‌ను వదిలేయడం. 2021 మేలో అమెరికాలోని కొలోనియల్ పైప్‌లైన్ సంస్థపై రాన్సమ్‌వేర్ (ఫైళ్లను లాక్ చేసి, విప్పడానికి డబ్బు అడిగే ప్రోగ్రామ్) దాడి జరిగి, ఇంధన సరఫరా రోజుల తరబడి ఆగింది. దాడి చేసినవాళ్లు లోపలికి వచ్చింది ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ అకౌంట్ నుంచి. దానికి రెండో తాళం లేదు. తాళం వేసి గొళ్లెం మరవడం అంటే అచ్చంగా ఇదే.

రెండు, అడక్కుండా ఫోన్‌కు వచ్చిన "లాగిన్ అయ్యేది మీరేనా?" అన్న నోటిఫికేషన్‌కు విసుగెత్తి "అవును" నొక్కేయడం. 2022 సెప్టెంబరులో ఉబర్ సంస్థలోకి చొరబడినవాడు ఒక కాంట్రాక్టర్ ఫోన్‌కు ఇలాంటి రిక్వెస్టులు వరసపెట్టి పంపాడు. చివరికి ఆ మనిషి ఒకదాన్ని ఒప్పుకున్నాడు. మీ యాప్‌లో స్క్రీన్ మీద కనిపించే అంకెను ఫోన్‌లో టైప్ చేసే పద్ధతి ఉంటే అది ఆన్ చేయండి. అడక్కుండా నోటిఫికేషన్ వచ్చిందంటే పాస్‌వర్డ్ అప్పటికే బయటికి పోయి ఉండొచ్చు. వెంటనే మార్చమని అందరికీ చెప్పండి.

ఇక పాస్‌వర్డ్‌లు. ప్రతి మూడు నెలలకూ మార్చాలన్న పాత రూల్ వదిలేయండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే అలా బలవంతంగా మార్పించొద్దని చెప్పింది. మార్చమంటే జనం చివర ఉన్న 1ని 2 చేస్తారు, అంతే. పొడవుగా ఉండాలి, ఒక్కో అకౌంట్‌కు ఒక్కోటి ఉండాలి, లీక్ అయిందని తెలిస్తే మార్చాలి. ఇన్ని గుర్తుపెట్టుకోవడం మనిషి వల్ల కాదు కాబట్టి సంస్థ తరఫున ఒక పాస్‌వర్డ్ మేనేజర్ తీసుకోండి. సాఫ్ట్‌వేర్ మీద డబ్బు పెట్టాల్సిందే అయితే నేను మొదట దీనిమీదే పెడతాను.

## 3. బ్యాకప్: ఉందనుకోవడం వేరు, ఉండటం వేరు

ఒకసారి ఒక ఆఫీసులో బ్యాకప్ చూపించమంటే, సర్వర్ పక్కన ఉన్న ఎక్స్‌టర్నల్ డ్రైవ్ చూపించారు. కేబుల్ పెట్టే ఉంది, లైటు వెలుగుతోంది. రాన్సమ్‌వేర్ కంప్యూటర్‌లోకి వస్తే దానికి కనిపించే డ్రైవులన్నింటినీ లాక్ చేస్తుంది. ఎప్పుడూ తగిలించే ఉండే బ్యాకప్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

గుర్తుపెట్టుకోవడానికి తేలికైన సూత్రం 3-2-1. డేటా మూడు ప్రతులు, రెండు రకాల మీడియా మీద, ఒకటి వేరే చోట. దీనికి నేను ఇంకోటి కలుపుతాను: కనీసం ఒక ప్రతి నెట్‌వర్క్‌కు తెగిపోయి ఉండాలి, లేదా అడ్మిన్ కూడా ఫలానా రోజులవరకు చెరపలేని విధంగా లాక్ అయి ఉండాలి.

2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే హానికర ప్రోగ్రామ్ దాడి షిప్పింగ్ సంస్థ మెర్స్క్ నెట్‌వర్క్‌ను కుప్పకూల్చింది. లాగిన్‌లను నడిపే డొమైన్ కంట్రోలర్ సర్వర్లు ప్రపంచవ్యాప్తంగా తుడిచిపెట్టుకుపోయాయి. ఘనా ఆఫీసులో ఒక్కటి మాత్రం బతికింది. అప్పటికి అక్కడ కరెంటు పోయి అది నెట్‌వర్క్‌కు దూరంగా ఉండటమే కారణం. అంత పెద్ద సంస్థ కరెంటు కోత పుణ్యాన బయటపడింది. మీరు ఆ పని కేబుల్ పీకి చేసుకోవచ్చు.

సింక్ అంటే బ్యాకప్ అనుకోవద్దు. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటివి మీ కంప్యూటర్‌లో ఏది మారితే అక్కడా అదే మారుస్తాయి. ఫైల్ చెడిపోతే చెడిపోయిన ఫైలే పైకి వెళ్తుంది. పాత వెర్షన్‌లు కొంతకాలం ఉంటాయి, నిజమే. కానీ గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో ఫైల్ 30 రోజులే ఉంటుంది. ఉద్యోగి కోపంతో చెరిపేసి వెళ్లిన సంగతి నలభయ్యో రోజున తెలిస్తే ఇక దొరక్కపోవచ్చు.

అమర్చుకునే క్రమం:

1. మొదటి లిస్ట్‌లో "మూడు రోజులు ఆగితే మునుగుతాం" అని రాసినవాటిని వేరుచేయండి. బ్యాకప్ వాటితో మొదలవ్వాలి.
2. రోజూ దానంతటదే జరిగే క్లౌడ్ బ్యాకప్ పెట్టండి. దాని లాగిన్ మామూలు ఆఫీసు అడ్మిన్ లాగిన్‌తో సంబంధం లేకుండా వేరుగా ఉండాలి. దాడి చేసేవాళ్లు అడ్మిన్ అకౌంట్ దొరకగానే చేసే పనుల్లో బ్యాకప్‌లు చెరపడం ఒకటి.
3. వారానికోసారి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ. రెండు డ్రైవులు ఉంచి ఒక వారం ఒకటి, మరో వారం ఇంకొకటి వాడండి. పని కాగానే తీసేసి ఆఫీసు బయట పెట్టండి.
4. డ్రైవులను ఎన్‌క్రిప్ట్ చేయండి (పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ చదవలేకుండా చేయడం). లేకపోతే దొంగ చేతికి బ్యాకప్ రూపంలో మొత్తం డేటా మీరే అందించినట్టవుతుంది.
5. మూడు నెలలకోసారి రిస్టోర్ చేసి (బ్యాకప్ నుంచి డేటా తిరిగి తెచ్చి) చూడండి.

ఐదోదాన్నే అందరూ వదిలేస్తారు. 2017 జనవరి 31న సాఫ్ట్‌వేర్ సంస్థ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ చెరిపేశాడు. తిరిగి తెద్దామని చూస్తే, రోజూ జరుగుతోందనుకున్న బ్యాకప్ ఎప్పటినుంచో ఫెయిల్ అవుతోంది. ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లు కూడా ఎవరికీ చేరకుండా రిజెక్ట్ అయిపోయాయి. ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసిన స్నాప్‌షాట్ (డేటా నకలు) ఉండబట్టి గట్టెక్కారు. సాఫ్ట్‌వేర్‌లో ఆరితేరినవాళ్ల సంగతే అలా ఉంది.

రిస్టోర్ పరీక్షకు వేరే కంప్యూటర్ వాడండి. ఒక ఫైల్ తెచ్చి సరిపెట్టొద్దు. అకౌంటింగ్ డేటా మొత్తం తెచ్చి, సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, నిన్నటి ఎంట్రీ కనిపిస్తోందో లేదో చూడండి. ఎన్ని గంటలు పట్టిందో రాయండి. అసలు దాడి జరిగిన రోజు కస్టమర్లకు "ఎప్పటికి తెరుస్తాం" అని చెప్పడానికి ఆ అంకే ఆధారం.

## 4. అప్‌డేట్లు, తెరిచి ఉన్న తలుపులు

2017 మే 12న వానాక్రై రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని చుట్టేసింది. బ్రిటన్‌లో ఆస్పత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. మధ్యలో దాదాపు రెండు నెలల టైమ్ ఉంది.

☐ విండోస్, మ్యాక్, ఫోన్లు, బ్రౌజర్లలో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్ చేయండి. వారానికోసారి అన్నీ రీస్టార్ట్ చేయండి.
☐ సపోర్ట్ ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ ఉందేమో చూడండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. మార్చలేని పాత మెషిన్ ఏదైనా ఉంటే దాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచండి.
☐ రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి.
☐ వచ్చేపోయేవాళ్లకు గెస్ట్ వైఫై వేరుగా పెట్టండి. కెమెరాలనూ అసలు నెట్‌వర్క్ నుంచి వేరుచేయండి.
☐ ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయండి.

వీటన్నింటికంటే ముందు చూడాల్సింది రిమోట్ డెస్క్‌టాప్, అంటే ఆఫీసు కంప్యూటర్‌ను దూరం నుంచి వాడే సౌకర్యం. ఇంటినుంచి పనిచేయడానికని దాని పోర్ట్ (నెట్‌వర్క్ ద్వారం) 3389ని నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి వదిలేసిన ఆఫీసులు ఇప్పటికీ ఉన్నాయి. దాన్ని వెతుకుతూ ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి, దొరికితే పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ కూర్చుంటాయి. పోర్ట్ నంబర్ మార్చినా లాభం లేదు. మూసేసి, రెండో తాళం ఉన్న వీపీఎన్ ద్వారా రమ్మనండి.

యాంటీవైరస్ సంగతి ఇక్కడ వస్తుంది. విండోస్‌తోపాటు వచ్చే డిఫెండర్ ఆన్‌లో, అప్‌డేట్ అవుతూ ఉంటే చాలా చిన్న ఆఫీసులకు సరిపోతుంది. దానికి మించి కొనేటట్టయితే, అలర్ట్ వచ్చినప్పుడు ఎవరో ఒక మనిషి చూసే సర్వీసే కొనండి. ఎవరూ చదవని అలర్ట్ వల్ల, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే ఉంటుంది.

## 5. డబ్బు బయటికి వెళ్లే దారికి కాపలా

వైరస్ ఉండదు, ఏదీ లాక్ అవ్వదు. "మా బ్యాంక్ అకౌంట్ మారింది, ఈసారి బిల్లు దీనికి పంపండి" అని తెలిసిన సప్లయర్ పేరుతో మెయిల్ వస్తుంది, అంతే. 2013, 2015 మధ్య ఒక మోసగాడు ఓ తైవాన్ కంపెనీ పేరుతో నకిలీ ఇన్వాయిసులు పంపి ఫేస్‌బుక్, గూగుల్ సంస్థల నుంచి 10 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. అందుకే సిబ్బందికి తెలివితేటలు ఉంటే చాలని అనుకోవద్దు. ఇక్కడ రూల్ ఉండాలి.

రూల్ ఇది: బ్యాంక్ వివరాలు మారాయన్నా, కొత్త అకౌంట్‌కు డబ్బు పంపమన్నా, మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగాలి. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు చేయొద్దు. ఒక మొత్తం దాటితే ఇద్దరు ఓకే చెప్పాలి.

వీడియో కాల్‌లో ముఖం చూశాం కదా అనడానికీ లేదు. 2024లో బ్రిటన్ ఇంజినీరింగ్ సంస్థ ఆరప్‌లో పనిచేసే హాంకాంగ్ ఉద్యోగి ఒకరు, పై అధికారులు కనిపించిన వీడియో కాన్ఫరెన్స్ నమ్మి, సుమారు 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశారు. కాల్‌లో కనిపించినవాళ్లు డీప్‌ఫేక్‌లు, అంటే ఏఐతో సృష్టించిన నకిలీ మనుషులు.

ఈ రూల్ యజమానికీ వర్తించాలి. "నేను మీటింగ్‌లో ఉన్నాను, వెంటనే పంపు" అని మీ పేరుతో మెసేజ్ వస్తే, తిరిగి మీకు ఫోన్ చేసిన అకౌంటెంట్‌ను మీరు ఒక్కసారి కసురుకున్నా చాలు, ఆ రూల్ అక్కడితో చచ్చిపోతుంది.

మెయిల్ సెటింగుల్లో రెండు పనులు. ఒకటి, అందరి ఇన్‌బాక్సుల్లో ఫార్వర్డింగ్ రూల్స్ చూడండి. ఇన్‌బాక్స్‌లోకి చొరబడినవాడు "ఇన్వాయిస్" అన్న మాట ఉన్న మెయిళ్లు తనకు వచ్చేలా, మీకు కనిపించకుండా పోయేలా ఒక రూల్ పెట్టి వెళ్తాడు. పాస్‌వర్డ్ మార్చినా ఆ రూల్ అలాగే ఉంటుంది. బయటి అడ్రసులకు ఆటోమేటిక్ ఫార్వర్డింగ్‌ను అడ్మిన్ ప్యానెల్‌లో మొత్తంగా ఆపేయొచ్చు.

రెండు, మీ డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు పెట్టించండి. మీ డొమైన్ పేరుతో ఇంకెవరో మెయిల్ పంపితే గుర్తుపట్టడానికి ఇవి. డీమార్క్‌ను మొదట ఊరికే రిపోర్టులు వచ్చే స్థాయిలో కొన్ని వారాలు నడపండి. మీ తరఫున మెయిళ్లు పంపే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వగైరా అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక క్వారంటైన్‌కు (నకిలీ మెయిల్‌ను పక్కన పెట్టడం), ఆపైన రిజెక్ట్‌కు (తిప్పికొట్టడం) మార్చండి. మొదటిరోజే రిజెక్ట్ పెడితే మీ బిల్లులే కస్టమర్లకు చేరవు.

## 6. ఎవరికి ఎంత చనువు

ఎవరికి ఏది అవసరమో అంతే. ఎవరూ, మీతో సహా, రోజువారీ పనికి అడ్మిన్ అకౌంట్ వాడకూడదు. అడ్మిన్ లాగిన్ వేరుగా ఉంచి, అవసరమైనప్పుడే తెరవండి.

బయటివాళ్లను మర్చిపోవద్దు. 2013లో అమెరికా రిటైల్ సంస్థ టార్గెట్ నుంచి సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. దొంగలు మొదట సంపాదించింది ఏసీ, రిఫ్రిజిరేషన్ పనులు చూసే ఒక కాంట్రాక్టర్ లాగిన్‌ను. పని ఉన్నప్పుడే తెరిచి, అయిపోగానే మూసేస్తే చాలు.

ఉద్యోగి మానేసిన రోజే:

☐ ఈమెయిల్ సహా అన్ని లాగిన్‌లు ఆపాలి, తెరిచి ఉన్న సెషన్లు లాగౌట్ చేయాలి
☐ నలుగురూ కలిసి వాడే పాస్‌వర్డ్‌లు, వైఫై పాస్‌వర్డ్ మార్చాలి
☐ పరికరాలు తీసుకోవాలి, సొంత ఫోన్‌లోని ఆఫీసు మెయిల్ తీసేయాలి
☐ అతని పేరుమీద ఉన్న అడ్మిన్ హక్కులు ఇంకొకరికి మార్చాలి

## 7. సిబ్బందికి ఒకే మాట చెప్పండి

ఏడాదికోసారి రెండు గంటల ప్రెజెంటేషన్‌కంటే నెలకో పది నిమిషాల మాట మేలు. ఆ నెల మీ ఆఫీసుకే వచ్చిన అనుమానాస్పద మెయిల్‌ను స్క్రీన్ మీద పెట్టి చూపించండి. అచ్చుతప్పులు వెతకమని చెప్పే రోజులు పోయాయి. ఇప్పటి నకిలీ మెయిళ్లు శుభ్రంగానే ఉంటాయి. తొందరపెడుతోందా, గుట్టుగా చేయమంటోందా, లాగిన్ గానీ డబ్బు గానీ అడుగుతోందా అని చూడమనండి.

చెప్పాల్సిన ఆ ఒక్క మాట: "తప్పు నొక్కితే వెంటనే చెప్పండి, ఏమీ అనం." నిజంగానే ఏమీ అనకండి. తిట్లకు భయపడి సోమవారం దాకా దాచిన తప్పు, శుక్రవారం సాయంత్రమే చెప్పిన తప్పుకంటే చాలా ఖరీదైనది.

## 8. దాడి జరిగిన రోజు

ఈ భాగం ప్రింట్ తీసి గోడకు పెట్టండి. ఫోన్ నంబర్లు చేత్తో రాయండి: బ్యాంక్ మోసాల విభాగం, ఐటీ చూసేవారు, సైబర్ పోలీసులు, లాయర్, బీమా ఉంటే ఆ కంపెనీ.

మొదటి గంట

1. నెట్‌వర్క్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి. వీలైతే కంప్యూటర్ స్విచాఫ్ చేయొద్దు. ఆపేస్తే మెమరీలో ఉన్న ఆధారాలు పోతాయి. నెట్‌వర్క్ నుంచి తప్పించడం కుదరకపోతేనే ఆపండి.
2. బ్యాకప్ డ్రైవ్ ఏదైనా తగిలించి ఉంటే తీసేయండి. కొత్తగా ఏదీ తగిలించొద్దు.
3. డబ్బు వెళ్లిపోయి ఉంటే మిగతా అన్నింటికంటే ముందు బ్యాంక్‌కు ఫోన్. అవతలి అకౌంట్ నుంచి ఇంకోచోటికి దాటకముందే ఆపగలిగే అవకాశం గంటల లెక్కలో ఉంటుంది.
4. స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీయండి. ఎన్ని గంటలకు ఏం కనిపించిందో, ఎవరు ఏం చేశారో కాగితం మీద రాస్తూ ఉండండి.
5. ఆఫీసు మెయిల్‌లో, ఆఫీసు చాట్‌లో దీని గురించి మాట్లాడొద్దు. లోపల ఉన్నవాడు చదువుతూ ఉండొచ్చు. ఫోన్ వాడండి.

ఆ తర్వాత

దాడి తగలని కంప్యూటర్ నుంచి పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. మెయిల్, అడ్మిన్ అకౌంట్లతో మొదలుపెట్టి, పాత సెషన్లన్నీ లాగౌట్ చేయించండి. పోలీసులకు చెప్పండి. కస్టమర్ల సమాచారం పోయుంటే ఎవరికి, ఎన్ని గంటల్లోపు తెలపాలన్న రూల్ ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. అది లాయర్‌తో ముందే కనుక్కుని ఆ గోడకాగితం మీదే రాసి ఉంచండి.

దాడి చేసినవాళ్లు అడిగిన డబ్బు కట్టాలా? కట్టొద్దనే నా సలహా. కట్టినా ఫైళ్లు తిరిగొస్తాయన్న హామీ లేదు. కొలోనియల్ పైప్‌లైన్ 75 బిట్‌కాయిన్లు, అప్పటి విలువలో సుమారు 44 లక్షల డాలర్లు కట్టింది. అవతలివాళ్లు ఇచ్చిన టూల్ నత్తనడక నడవడంతో చివరికి సొంత బ్యాకప్‌లనే నమ్ముకుంది. ముందు "నో మోర్ రాన్సమ్" సైట్ చూడండి. యూరోపోల్, డచ్ పోలీసులు, కొన్ని సెక్యూరిటీ సంస్థలు కలిసి 2016లో మొదలుపెట్టిన దీంట్లో చాలా రకాల రాన్సమ్‌వేర్‌కు విప్పే టూల్స్ ఉచితంగా దొరుకుతాయి.

రిస్టోర్ చేయడానికి తొందరపడొద్దు. వాళ్లు లోపలికి ఎలా వచ్చారో తేలకుండా అదే కంప్యూటర్‌లో డేటా పోస్తే వారంలో మళ్లీ అదే సీన్. డిస్క్ తుడిచి, విండోస్ కొత్తగా వేసి, అప్‌డేట్ చేసి, అప్పుడు బ్యాకప్ తేవాలి. దాడి బయటపడటానికి కొన్ని వారాల ముందే వాళ్లు వచ్చి కూర్చుని ఉండొచ్చు. కాబట్టి నిన్నటి బ్యాకప్‌నే కాకుండా అంతకుముందువి కూడా పరిశీలించండి.

లాక్ అయిన డిస్కులను పారేయకండి. లేబుల్ అంటించి లోపల పెట్టండి. ఈరోజు విప్పే టూల్ లేని రాన్సమ్‌వేర్‌కు, ఆ ముఠా పట్టుబడ్డాక ఏడాదికో రెండేళ్లకో తాళంచెవి బయటికి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.